లక్క భరిణె, కార్జపు జలగ

ఈ ఏడు తొలి వాన పడిన మర్నాడు పొద్దున్నే, అనకాపల్లిలో మేం అద్దెకుంటున్న ఇంటి పెరటి గుమ్మంలో మా ఆవిడ ఒక చేతిలో ఉప్పు డబ్బా, ఇంకో చేతిలో చీపురు పట్టుకుని నిలబడి నన్ను కేకేసింది. రెండ్రోజుల కిందట కొన్న గులాబీ కుండీ అడుగునుంచి జానెడు పొడవున్న పురుగొకటి బయటికొచ్చి తడి గచ్చు మీద సాగుతోంది. పాముపిల్ల కాదు, వానపామూ కాదు. వానపాముకి ఒంటినిండా ఉంగరాలుంటాయి. ఇది నున్నగా, లంగా నాడాలాగ పల్చగా ఉంది. మట్టిరంగు వీపు మీద పొడవునా నల్లటి చారలు. తల మాత్రం మెడ దగ్గరనుంచి ఒక్కసారిగా విచ్చుకుని, కత్తిపీట కొసనుండే కొబ్బరికోరులాగ అర్ధచంద్రాకారంలో ఉంది. ఆ తలని అటొకసారి ఇటొకసారి ఆడిస్తూ, తొందరేమీ లేనట్టు పోతోంది. నేను కళ్ళజోడు తెచ్చుకుని గచ్చు మీద మోకాళ్ళూని వంగాను.

"ఏటండీ, గుళ్ళో వంగమంటే నడుం పట్టేసిందంటారు. పురుగుకైతే భలే వంగేరే" అంది మా ఆవిడ. చీపురు ఎత్తబోతుంటే ఆపాను. దాన్ని తెగ్గొడితే చావదనీ, తల ముక్కకి తోక, తోక ముక్కకి తల మొలిచి రెండవుతాయనీ చెప్పాను. ఎవరు చెప్పారని ఆవిడ అడగలేదు. పురుగుల సంగతి మా ఇంట్లో ఎవరు చెబుతారో ఆవిడకి తెలుసు. "అయితే ఆయనకే ఫోన్ చెయ్యండి" అని ఉప్పు డబ్బా గట్టు మీద పెట్టి లోపలికి పోయింది. నేను ఫోన్ చేశాను. అవతల ఆయన బయల్దేరేలోగా, ఆయన్ని గురించీ, మా పుల్లావు గురించీ, దాని కార్జంలో, అంటే కాలేయంలో, కాపురం పెట్టిన జీవి గురించీ చెప్పడానికి నాకు కొంచెం వ్యవధి దొరికింది.

మాది ఒకప్పుడు చెప్పుకోదగ్గ ఇల్లు. మా తాతగారి రోజుల్లో బెల్లం మార్కెట్టులో మా దిమ్మల మీద ముద్ర చూశాకే వేలం పాట మొదలుపెట్టేవారని విన్నాను. చెరుకు ఆడే కాలంలో మా కళ్ళంలో మూడు పొయ్యిలు ఒకేసారి మండేవట. అవన్నీ ఎలా పోయాయో ఇక్కడ రాయను. పోయినవాటి కథ చెప్పుకుని నలుగురి చేత అయ్యో అనిపించుకోవడం మా ఇంటి పద్ధతి కాదు. నాకు ఊహ తెలిసి, ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పే ఉద్యోగంలో చేరేనాటికి మిగిలినవి మూడే. సగం పెంకులు జారిన ఇల్లు, పంట కాలువ పక్కన చెరుక్కీ పనికిరాని పల్లపు నేల ఒక ముక్క, తాతగారి మందలో ఆఖరి సంతతిగా మిగిలిన, లేత ఎరుపు ఒంటి పుల్లావు ఒకటి. వాటితోపాటు తాతగారు పెట్టిన నియమం ఒకటి మిగిలింది. మన పశువు మన గడ్డే తినాలి, మన పేడ మన నేలకే పోవాలి. ఆయన ఆ మాట అన్నప్పుడు ఊరి చుట్టూ మా గడ్డి ఉండేది. నాన్నగారి కాలానికి కాలువ గట్టు పక్క ఆ పల్లం ఒక్కటే ఉంది. అయినా నియమం నియమమే. మా పుల్లావు ఏనాడూ కొన్న పరక ముట్టలేదని నాన్నగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మెడ నిటారుగా నిలిచేది. మేం కాఫీలోకి పంచదార తగ్గించుకున్న రోజుల్లో కూడా ఆ మెడ వంగలేదు. నాకూ ఆ మెడే వచ్చింది.

ఒక కార్తిక మాసంలో పుల్లావు దవడ కింద చిన్న సంచి వేలాడ్డం మొదలైంది. సాయంత్రం పుట్టినట్టు కనిపించి తెల్లారేసరికి తగ్గేది, మర్నాటి సాయంత్రానికి ఇంకొంచెం పెద్దదయ్యేది. వేలితో నొక్కితే మెత్తటి పిండిలాగ గుంట పడి, చాలాసేపటిదాకా పూడేది కాదు. డొక్కలు లోపలికి పోయాయి. వెంట్రుకలు గరుకెక్కాయి. పాలు ఒక గ్లాసుకి దిగిపోయాయి. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళమని అమ్మ పోరుతోంది గానీ నాన్నగారు మాట దాటేస్తున్నారు, నేనూ దాటేస్తున్నాను. కారణం మా ముగ్గురికీ తెలుసు. ఆ ఆసుపత్రిలో కాంపౌండరు మా ఇంట్లో ముప్పయ్యేళ్ళు పశువులు చూసిన పాలేరు కొడుకు. మా మెట్ట భూమి కొన్నది ఆ పాలేరే. వాళ్ళబ్బాయి చదువుకుని, తెల్లకోటు వేసుకుని, మా ఆవు నోరు తెరిచి చూసే రోజు వస్తుందని మేమెవరం అనుకోలేదు. చివరికి ఆవు మేత మానేసిన రోజున నేనొక్కణ్ణే వెళ్ళాను.

అతను నాకంటే రెండేళ్ళు పెద్ద. నన్ను చూడగానే స్టూలు మీదనుంచి లేచాడు. లేవకపోయినా బాగుండేదని నాకనిపించింది. లేచినవాడి దగ్గర సాయం అడగడం ఇంకా కష్టం. నేను లక్షణాలు చెబుతుంటే మధ్యలో ఒక్కటే అడిగాడు. "మేత ఎక్కడ సినబాబూ?" మా పల్లం అన్నాను. "కాలవ పక్కదేనా?" అని తలాడించి, మర్నాడు పొద్దున్నే తాజా పేడ కొంచెం తెమ్మన్నాడు.

పేడ తీసుకెళ్ళడం అనేది వినడానికి చిన్న పనే. కానీ మా ఇంటినుంచి ఆసుపత్రికి బజారు మీదుగా పోవాలి. దారిలో నా విద్యార్థుల తండ్రుల దుకాణాలున్నాయి. అరిటాకులో పొట్లం కడితే కారుతుంది, డబ్బాలో తీసుకెళితే ఏమిటని అడుగుతారు. చాలాసేపు ఆలోచించి, నాన్నమ్మ కుంకానికి వాడిన ఏటికొప్పాక లక్క భరిణె తీశాను. ఎర్రటి నునుపు మీద పసుపు పట్టీలు, బిగువైన మూత. అందులో పేడ పెట్టి, మూత వేసి, రుమాల్లో చుట్టి, పెళ్ళి పిలుపుకి వెళ్ళేవాడిలాగ నడిచాను. ఒక దుకాణదారు నమస్కారం పెట్టి, "ఏటి మాస్టారూ, శుభకార్యమా?" అని అడిగాడు కూడా. తల పంకించాను.

కాంపౌండరు మూత తీశాడు. లోపల చూశాడు. నన్ను చూశాడు. మూత మళ్ళీ చూశాడు. "మీ ఇంట్లో పేడక్కూడా దర్జాయే సినబాబూ" అన్నాడు. నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి గోడ వైపు తిరిగాడని తర్వాత చాలా ఏళ్ళకి ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత అతను చేసిన పని చూస్తూ నేను బడి వేళ మర్చిపోయాను. పేడని నీళ్ళలో కలిపి, గుడ్డలో వడకట్టి, పొడుగాటి గాజు గ్లాసులో నిలబెట్టాడు. కాసేపటికి పైన తేరిన నీళ్ళు వంపేసి మళ్ళీ కొత్త నీళ్ళు పోశాడు. అలా నాలుగైదుసార్లు. గడ్డి నలుసులు తేలికవి గనక నీళ్ళతో పోతాయట. తనకి కావలసినవి బరువైనవి, అడుగునే ఉండిపోతాయట. అడుగున మిగిలిన మడ్డిలో ఒక్క చుక్క గాజుపలక మీద వేసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. నేను వంగి చూసి ఏమీ కనబడ్డం లేదన్నాను. "ఒక కన్ను ముయ్యాల బాబూ. రెండూ మూసెత్తే ఏటి కనబడతాది?" అన్నాడు. ఈసారి ఒక కన్ను తెరిచాను.

మసక వెలుగులో పీచులు, నలుసులు. వాటి మధ్య ఒకటి, నిండు బంగారు రంగులో, కోడిగుడ్డు ఆకారంలో మెరుస్తూ ఉంది. దానికి ఒక కొసన వెంట్రుకకంటే సన్నటి గీత. పేడలో అంత శుభ్రమైన వస్తువు ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. "ఆ గీత మూత బాబూ. లోపల పిల్ల ఎదిగేక మూత తోసుకుని బైటికొత్తాది. మీ భరిణె లాంటిదే" అని, బీరువాలోంచి ఒక సీసా తీశాడు. మందు నీళ్ళలో వేపాకులంతేసి బూడిదరంగు ఆకులు నాలుగు తేలుతున్నాయి. ఆకులు కావు, పురుగులు. ఆ గుడ్లు పెట్టే తల్లులు. రైతులు కార్జపు జలగ అంటారు గానీ అది జలగ జాతి కాదట. బల్లపరుపు పురుగుల జాతి.

అతనికి చెప్పడం ఇష్టం. అడిగేవాడు దొరకడు. నేను అడిగాను. దానికి గుండె ఏదంటే లేదన్నాడు. రక్తం లేదు, ఊపిరితిత్తులు లేవు. కావలసిందంతా చర్మంలోంచే లోపలికి ఇంకాలి గనక ఒళ్ళు కాగితంలా ఉండాలి. "లావెక్కితే మనకి బట్టలే సాలవు, దీనికి పేణమే పోద్ది" అన్నాడు. నోరుంది గానీ వెనకాల దారి లేదు, తిన్నదాంట్లో మిగిలింది మళ్ళీ నోట్లోంచే బయటికి పంపాలి. ఆడా మగా ఒకే ఒంట్లో. దీని దాయాదుల్లో బద్దె పురుగని ఒకటుంది, పేగుల్లో గజాల కొద్దీ పెరుగుతుంది, దానికసలు నోరే లేదు, కడుపే లేదు. అరిగిన అన్నంలో పడుకుని ఒంటితోనే తాగుతుంది. వినేకొద్దీ నాకు అసహ్యం పోయి ఏదో ఆశ్చర్యం మొదలైంది. ఇన్ని లేకుండా బతకడం కూడా ఒక విద్యేనన్న గౌరవం లాంటిది.

అప్పుడు అసలు మాట చెప్పాడు. ఈ గుడ్డు నీళ్ళలో పడితేనే పొదుగుతుంది. పుట్టిన పిల్ల ఒళ్ళంతా సన్నటి నూగుతో ఈదుకుంటూ ఒక రోజులోపల నత్తని వెతుక్కోవాలి, దొరక్కపోతే చస్తుంది. నత్తలో దూరిన ఒకటి వందలవుతుంది. అవి తోకలతో బయటికొచ్చి, గడ్డి పరక తగలగానే తోక వదిలేసి, పరకకి అంటుకుని గట్టి గూడు కట్టుకుంటాయి. ఆ పరక ఆవు తింటుంది. "ఒక్క సోట ఉండిపోతే దీనికి వంశం నిలవదు బాబూ. నీరు, నత్త, గెడ్డి, ఆవు. ఇల్లు మారుతుంటేనే బతుకు" అన్నాడు. "మీ పల్లంలో నీరుంది, నత్తలున్నాయి. మీ ఆవు పేడా అక్కడికే తోల్తారు. మీ రూలు దీనికి బాగా కలిసొచ్చింది. మందు ఇత్తాను. కానీ ఆ గెడ్డి మానిపించాల. లేపోతే మందు దండగ. పెదబాబుకి సెప్పండి."

మందు సీసా తీసుకుని లేచాను. భరిణె కడిగి ఇవ్వబోయాడు. అమ్మ దాన్ని మళ్ళీ దేవుడి గదిలోకి రానివ్వదని నాకు తెలుసు. ఉంచుకోమన్నాను.

ఇంటికొచ్చి నాన్నగారికి సగమే చెప్పాను. కార్జంలో పురుగులున్నాయనీ, మందు పట్టించాలనీ చెప్పాను. గడ్డి మాట చెప్పలేదు. పాలేరు కొడుకు మన గడ్డి మంచిది కాదన్నాడని ఏ నోటితో చెప్పాలి? చెబితే నాన్నగారి ముఖం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను గానీ, నిజానికి ఆ మాట నా నోటికే రాలేదు. వెదురు గొట్టంతో మందు పట్టించాం. పది రోజుల్లో దవడ కింద సంచి తగ్గింది. వెంట్రుకలకి నిగారింపు వచ్చింది. ఆవు చూడి కట్టింది కూడా. నాన్నగారు దాని వీపు నిమురుతూ, "మన గడ్డిలో ఉన్న బలం అదీ" అన్నారు. నేను అవునన్నాను. నా జీవితంలో నేను చెప్పిన అబద్ధాల్లో అంత చిన్నది, అంత చెడ్డది ఇంకోటి లేదు.

వేసవి చివర్లో మళ్ళీ సంచి వేలాడింది. ఈసారి ఆవు ఏడో నెల చూడి. నిలబడ్డ చోట కూలబడేది. కనురెప్ప కింద చూస్తే ఎర్రగా ఉండాల్సింది తెల్లటి కాగితంలా ఉంది. నేను ఆసుపత్రికి పరిగెత్తాను. పరిగెత్తానని రాయడం నాకు ఇష్టం లేదు గానీ, పరిగెత్తాను. కాంపౌండరు నా ముఖం చూసి స్టూలు మీదనుంచి లేవలేదు.

"సెప్పలేదు కదా?" అన్నాడు.

నేను రుమాలుతో చెమట తుడుచుకున్నాను.

"పెదబాబుకి సెప్పలేదు. నాకు తెల్దేటి? నేను సెప్పేను గనకే సెప్పలేదు. ఇంకో డాట్రు సెప్తే సెప్పుందురు." తెల్లకోటు విప్పి మేకుకి తగిలించి, సైకిలు తీశాడు. ఆవు దగ్గరికి వెళతాడనుకున్నాను. మా పల్లానికి తీసుకెళ్ళాడు.

మధ్యాహ్నపు ఎండ. ఊరంతా ఎండి బీటలు వారినా కాలువ ఊటకి మా పల్లం పచ్చగా ఉంది. ఆ పచ్చదనం చూసి నేను ఎన్నిసార్లు గర్వపడ్డానో లెక్కలేదు. అతను పంచె ఎగ్గట్టి బురదలో దిగి, గడ్డి మొదట్లోంచి గోరంతేసి నత్తలు నాలుగు ఏరాడు. కూడా తెచ్చిన గాజు గ్లాసులో కాలువ నీళ్ళు పోసి, నత్తలు వేసి, గట్టు మీద ఎండలో పెట్టి, భూతద్దం నా చేతికిచ్చాడు. చాలాసేపు ఏమీ లేదు. అతను గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు. నా ఎదుట అతను బీడీ కాల్చడం అదే మొదలు. నేను గమనించనట్టు భూతద్దంలోకే చూశాను. ఉన్నట్టుండి నీళ్ళలో తెల్లటి నలుసులు కదిలాయి. ఒకటి, పది, తర్వాత లెక్కపెట్టలేనన్ని. ప్రతి నలుసుకీ ఒక తోక. కొరడా ఝుళిపించినట్టు తోక ఆడిస్తూ గ్లాసులో పైకీ కిందికీ ఈదుతున్నాయి. ఒక గడ్డి పరక గ్లాసులో ముంచాను. కాసేపట్లో కొన్ని దానికి అంటుకున్నాయి. గుండ్రంగా ముడుచుకున్నాయి. తోకలు ఊడి నీళ్ళలో విడిగా ఇంకా కొట్టుకుంటున్నాయి. పరక మీద మిగిలినవి గసగసాల్లో సగం లేని చుక్కలు. మా తాతగారి నియమం ప్రకారం నేను రోజూ కొడవలితో కోసి, మోపు కట్టి, మా వంశపు ఆఖరి ఆవుకి పెట్టింది ఆ చుక్కల్ని.

"ఇప్పుడు నేను సెప్పక్కర్లేదు. మీ కల్లతో సూసేరు కదా, మీరు సూసిందే సెప్పండి" అన్నాడు కాంపౌండరు. ఆ మాటలో నాకు దారి చూపించాడని ఇంటికెళ్ళేదాకా అర్థం కాలేదు.

చూడి ఆవుకి ఇవ్వదగ్గ మందేదో వెతికి తెచ్చి, తనే వచ్చి పట్టించాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు, పెరటి వైపునుంచి వచ్చాడు. వాళ్ళ నాన్న వచ్చే దారి అది. అతను వెళ్ళాక నాన్నగారికి మొత్తం చెప్పాను. కార్తికంలో దాచిన మాటతో సహా చెప్పాను. ఆయన పడక్కుర్చీలో కూర్చుని విన్నారు. నేను గ్లాసు సంగతి చెబుతుంటే, "తోక వాటంతటవే వదిలేస్తాయా?" అని ఒక్కసారి అడిగారు. అవునన్నాను. చివరికి, "గడ్డి కొనం" అన్నారు. ఆవు చచ్చిపోతుందన్నాను. "గడ్డి కొనం" అని లేచి లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు తెల్లవారగానే కొడవలి తీసుకుని కాంపౌండరు వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ మెట్టలో గడ్డి కోసుకుంటానని అడిగాను. డబ్బిస్తానంటే అతను వినలేదు. "కొన్న గెడ్డి ముట్టదు కదా మీ ఆవు. కొనకండి. కోసుకోండి. ఆ నేల కూడా మీ తాతగారు కలుపు తీయించిందే." నేను వంగి గడ్డి కోస్తుంటే వాళ్ళ నాన్న, మా పాత పాలేరు, చుట్ట నోట్లోంచి తీసి, "అలా కాదు బాబూ, మొదలు పట్టుకో. సెయ్యి తెగ్గలదు" అని అరుస్తూనే ఉన్నాడు. నాకు కొడవలి పట్టుకోవడం సరిగ్గా రాదని ఇన్నేళ్ళు మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

మా పల్లం ఇంటి వెనకాలే గనక గడ్డి మోపు సందులోంచి వచ్చేసేది. మెట్టనుంచి రావాలంటే బెల్లం మార్కెట్టు ముందునుంచి, బస్టాండు మీదుగా, పట్టపగలు, మోపు నెత్తి మీద పెట్టుకుని రావాలి. సైకిలు మీద వేసుకోమన్నారు. మోపు దాచుకుంటున్నట్టుంటుందని వద్దన్నాను. మోసేది ఎలాగూ మోస్తున్నాను, నిటారుగానే మోద్దామనుకున్నాను. మార్కెట్టు ముందు బెల్లం దిమ్మలు దించుతున్న కూలీలు ఆగి చూశారు. ఒకాయన, "ఏటి మాస్టారూ, బడి మానేసేరేటి?" అన్నాడు. ఇంకెవడో, "పంతులుగారి నెత్తిమీద కిరీటం భలే కుదిరింది మామా" అన్నాడు. నాకు మెడ పట్టేసి వాళ్ళ వైపు తిరగలేకపోయాను. ఆ రోజు నా బిరుసు మెడ గొప్పదనం అదొక్కటే.

ఇంటికొచ్చి మోపు దించేసరికి నెత్తిన చర్మం గీరుకుపోయి చెవి పక్కనుంచి రక్తం కారుతోంది. నాన్నగారు వసారాలో నిలబడి చూస్తున్నారు. మెట్లు దిగి వచ్చి, మోపులోంచి ఒక పరక లాగి, వేళ్ళ మధ్య నలిపి వాసన చూశారు. "ఇది చెంగలి గడ్డి. పల్లంలో మొలవదు" అన్నారు. నేను చెవి పక్క రక్తం తుడుచుకున్నాను. "మా నాన్నగారు ఆ మెట్టలో ఈ గడ్డి ఉండనిమ్మనేవారు. ఆవులకి మంచిదని" అని, నా నెత్తి వైపు చూసి, "బజారు మీదనుంచే వచ్చావా?" అని అడిగారు. అవునన్నాను. "నెత్తిన చుట్టకుదురు లేకుండా?"

లేదన్నాను. అదొకటి ఉండాలని నాకు తెలియదు.

ఆయన లోపలికెళ్ళి ఉత్తరీయం తీసుకొచ్చారు. జరీ అంచున్నది, సభలకీ పెళ్ళిళ్ళకీ వేసుకునేది, ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క పట్టు బట్ట. దాన్ని రెండు చేతులా మెలిపెట్టి, గుండ్రంగా చుట్టి, కొస లోపలికి దోపి, చుట్టకుదురు చేసి నా నెత్తిన పెట్టి చూశారు. ఒకవైపు వదులుగా ఉందని తీసి మళ్ళీ చుట్టారు. అంత చక్కగా చుట్టడం ఆయన ఎక్కడ చూశారో, ఎప్పుడు నేర్చుకున్నారో నేను అడగలేదు. "రేపటినుంచి ఇది పెట్టుకుని వెళ్ళు" అని మోపు విప్పి, ఆయనే ఆవుకి వేశారు.

పుల్లావు బతికింది. దూడ పుట్టింది, అదీ పుల్లదే. పల్లానికి గట్టు తెంచి నీరు పోయే దారి చేసి, రెండేళ్ళు మేపకుండా ఎండబెట్టాం. దూడకి పాలు మరిచే వయసు రాగానే నాన్నగారు దాన్ని పాత పాలేరు ఇంటికి తోలించారు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. కాంపౌండరుకి నేను మరిగాను. సెలవు దొరికితే అతని వెనకాలే. నాతవరం అవతల కొండ ఊటలో దారానికి కార్జం ముక్క కట్టి రాళ్ళ మధ్య వదిలి, అరగంటకి తీస్తే దానికి గోరులో సగం లేని నల్లటి పురుగులు అంటుకుని ఉండేవి. ఎవరి ఒంట్లోనూ కాపురం చెయ్యని స్వతంత్ర జీవులు. భూతద్దంలో చూస్తే రెండు మెల్లకళ్ళు. ఎదుటివాడి మాట నమ్మనట్టు చూసేవి. బ్లేడుతో ఒకదాన్ని రెండు చేసి సాసర్లో ఉంచాం. రెండు వారాలకి తల లేని ముక్కకి తల వచ్చి, దానికీ మెల్లకళ్ళు వచ్చి, అదీ నన్ను నమ్మనట్టే చూసింది. వాటిలో ఏది అసలుదని అడిగాను. "రెండూ అనుకుంటాయి నేనేనని" అన్నాడు. మా ఇంట్లో అన్నదమ్ముల పంపకాలు గుర్తొచ్చి నవ్వాను. మా వాళ్ళని ముక్కలు చేశాక ఎవరికీ కొత్త తల మొలవలేదు.

ఒకసారి తంతడి దగ్గర సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళ మీదికి తీసుకెళ్ళాడు. నీటి గుంటల్లో ఈ జాతివే, వంకాయ రంగువి, నారింజ అంచువి, అరచేతిలో పట్టేవి, అంచులు చీర కుచ్చిళ్ళలా అలలు తేలుస్తూ ఈదుతున్నాయి. చేపల తట్ట ఎత్తుకుని పోతున్న ఒకావిడ మమ్మల్ని చూసి, "అయ్యి తినడానికి పనికిరావు బాబూ, సూడ్డానికే" అంది. అంత అందమైనదీ, ఆవు కార్జం తినేదీ, ఒకే వంశమంటే నాకు నమ్మకం కలగలేదు. ఇంకా ముందుకి వంగబోయి నాచు మీద జారాను. కాంపౌండరు నా మోచెయ్యి పట్టుకుని లాగి, "బావా, జాగర్త!" అని అరిచాడు. ఆ మాట అతను వెనక్కి తీసుకోలేదు. నేనూ తీసుకోమనలేదు.

స్కూటరు చప్పుడైంది. రిటైరై చాలా ఏళ్ళయినా కాంపౌండరు నడక మారలేదు. గుమ్మంలోనే చెప్పులు విడిచి, వీధి వైపునుంచే తిన్నగా పెరట్లోకి వచ్చాడు. "ముక్కలు సెయ్యలేదు కదా బావా?" అంటూ నా పక్కన మోకాళ్ళూనాడు. ఇద్దరి మోకాళ్ళూ ఒకేసారి పటపటమన్నాయి. ఆ నేల పురుగు నోరు తలలో ఉండదట, పొట్ట మధ్యలో ఉంటుందట. వానపాముల్ని వేటాడుతుందట, కుండీల మట్టిలో పడి ఊళ్ళు తిరుగుతుందట. మా ఆవిడ తెచ్చిన పచ్చడి సీసా వద్దని, చొక్కా జేబులోంచి గుడ్డలో చుట్టిన వస్తువొకటి తీశాడు. ఎర్ర రంగు అక్కడక్కడా వెలిసి లోపలి చెక్క కనిపిస్తున్న మా నాన్నమ్మ భరిణె. ఇన్నేళ్ళూ గాజుపలకలూ నత్తగుల్లలూ దాచుకున్నాడట. తడిమట్టి కొంచెం వేసి, పురుగుని పుల్లతో ఎత్తి లోపల పెట్టి మూత వేశాడు. మూత ఇప్పటికీ బిగువుగానే పడింది.

"పుల్లది ఈనింది బావా, నిన్న" అన్నాడు లేస్తూ. వాళ్ళ దొడ్లో ఉన్నది మా పుల్లావు మనవరాలి మనవరాలో, ఇంకా అవతలిదో, వరస మాకిద్దరికీ తప్పిపోయింది. చూడ్డానికి రమ్మన్నాడు. స్కూటరు వెనక ఎక్కి, భరిణె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బెల్లం మార్కెట్టు దాటుతుంటే ఒక్కటే అనిపించింది. మేం గట్టిగా పట్టుకున్నవన్నీ మా చేతుల్లోనే అరిగిపోయాయి, చెయ్యి దాటిపోయినవే ఇంతకాలం దాటి వచ్చాయి.